చదివి వినిపించగా

మా సీనియరు వకీలు సార్ సంతాప సభ కోర్టు ఆవరణలోని బార్ రూములో పెట్టారు. రెండు నిమిషాలు మౌనం అన్నారు. నిమిషం కాకముందే ఎవరిదో ఫోను మోగింది, మౌనం అయిపోయిందనుకుని అందరూ కూర్చున్నారు. ముగ్గురు మాట్లాడారు. మొదటాయన సార్ చదువు గురించి చెప్పాడు, అదీ తప్పే చెప్పాడు. రెండో ఆయన, "జడ్జి ముందట తల వంచని వకీలు మన జిల్లాల ఆయనొక్కడే" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టబోయి, సంతాప సభ అని గుర్తొచ్చి ఆగిపోయారు. మూడో ఆయన సార్ ఈడువాడు, మంచివాడు. చివర్లో గొంతు తగ్గించి, "ఏం చేస్తం, ఆఖరుకు ఆ గొర్లామె కేసుల జర ఏమరిండు. ఆ రంధితోనే పోయిండు మనిషి" అన్నాడు.

నేను వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను. ఆయన ఏమరలేదు. ఆ పని చేసింది నేను. ఆ సంగతి ఆ గదిలో నాకు తప్ప ఇంకొకరికి తెలియదు. లేచి చెప్పాలనుకున్నాను, లేవలేదు. లేవవలసిన చోట కూర్చుని ఉండటం నాకు అప్పటికే అలవాటైన పని.

తల వంచని సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే దాన్ని గురించి సార్ బతికుండగానే కథలు అల్లారు. ఆయనది మర్రిగూడ దిక్కు పల్లె. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు. ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్ల ఎముకలు ఏమవుతాయో మా నల్లగొండ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయన నడుము కొంచెం ముందుకు వంగి అక్కడే ఆగిపోయింది. మెడ అటూ ఇటూ తిరగదు, కిందికి దిగదు. జడ్జి బెంచీ ఎక్కగానే వకీళ్లందరం లేచి తల వంచుతాం. సార్ మాత్రం సూటిగా చూస్తూ ఉండేవారు. కొత్తగా వచ్చిన జడ్జీలు మొదటి రోజు మొహం చిట్లించేవారు, మూడో రోజుకు ఎవరో ఒకరు చెవిలో వేస్తే సర్దుకునేవారు. ఒక పత్రికాయన వచ్చి, "తల వంచకపోవడం మీ సిద్ధాంతమా సార్" అని అడిగితే, "సిద్ధాంతం గాదు తమ్మీ, మా ఊరి బోరింగు" అన్నారు. పత్రికాయన అది రాసుకోలేదు.

మెడ తిరగదు గనుక పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే ఒళ్లంతా తిప్పేవారు. కుర్చీలో ఉంటే కుర్చీతో సహా తిరిగేవారు. గడియారం కూడలి దగ్గర సందులో ఆయన కిరాయి గది, బండల మీద ఆ కుర్చీ కాళ్ల గీతలు అర్ధచంద్రాకారంలో పడి ఉండేవి. వచ్చినవాళ్లకు మాత్రం అది వేరేగా కనిపించేది. తాసిల్ ఆఫీసులో ఎవరూ తలెత్తి చూడని మనిషి వైపు ఒక పెద్దమనిషి కుర్చీతో సహా తిరిగి కూర్చుంటే, ఆ మనిషికి సగం కేసు గెలిచినట్టుండేది. నేను ఆయన దగ్గర జూనియరుగా చేరిన మొదటి రోజు నా వైపు కూడా అట్లనే తిరిగారు. "ఇంగ్లీషు వస్తదా వకీలమ్మా?" అన్నారు. వస్తుందన్నాను. హైదరాబాదులో ఇంగ్లీషులో లా చదివి వచ్చిన పొగరు నాకు బాగానే ఉంది. నకిరేకల్ దగ్గర మా ఊళ్లో మా బాపు, "మా బిడ్డ జడ్జితోటి ఇంగ్లీషులనే కొట్లాడతది" అని కనిపించిన ప్రతి మనిషికీ చెప్పుకునేవాడు.

ఆదివారం పొద్దున జూనియర్లం ముగ్గురం సార్ గదికి పోవాలి. రాజ్యాంగం తెలుగు అనువాదం ఒకటి ఉండేది, అట్ట ఊడిపోతే పాత క్యాలెండరు కాగితం అంటించారు. ఒక అధికరణం చదవాలి. చదివాక సార్ అడిగేది ఒకటే, "ఎవరింట్ల కూసోని చదివినవు?" మొదట్లో నాకు అర్థం కాలేదు. పద్నాలుగో అధికరణం, చట్టం ముందు అందరూ సమానం. "దొర గడీల కూసోని చదువు. మంచిగున్నది గదా. ఇగ గొల్లోల్ల కొట్టంల కూసోని చదువు. ఎవనితోని సమానం, ఎప్పటి సంది సమానం, ఎవలు కొలిచిన్రు అని అడగబుద్ధి అయితలేదా?" అనేవారు. నాలుగో భాగంలోని ఆదేశిక సూత్రాలంటే ఆయనకు నవ్వు. అందరికీ పని, అందరికీ చదువు, భూమీ సంపదా అందరి మేలుకే అని రాసి, కోర్టుకు పోయి అడగరాదని పైననే రాసిపెట్టారు కదా. "పెండ్లి పత్రిక మీద విందు కలదు అని ఉంటది సూడు, గట్ల. పెట్టకపోతే ఏ కోర్టుల ఏస్తవు?" అనేవారు.

అట్లని రాజ్యాంగం మీద ఆయనకు చులకన లేదు. ఎవరైనా దాన్ని తేలిగ్గా మాట్లాడితే కుర్చీ తిప్పి మరీ తిట్టేవారు. ఆయనకు ఉన్న బాధ ఇంకొకటి, చాలా ఏళ్ల నాటిది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిన ఏడాది ఆయన లా చదువుతున్నారట. భూసంస్కరణలకు ఆ హక్కే అడ్డమని, ఆ గోడ పడితే దొరల భూములు పేదలకు వస్తాయని హాస్టల్లో మిర్చి బజ్జీలు పంచారట. ఆ హక్కు పుస్తకంలో వెనకెక్కడికో పోయి మూడువందల–ఎ అయింది. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తీ తీసుకోరాదు అని ఒకే వాక్యం. "అంటే చట్టం చేసుకోని తీసుకోవచ్చునన్నట్టు," అనేవారు. దొరలు ముందే సర్దుకున్నారు. రిజర్వాయర్లూ కంపెనీలూ రోడ్లూ వచ్చేసరికి ఆ గోడ లేని చోట నిలబడి ఉన్నది రెండెకరాలోళ్లూ మూడెకరాలోళ్లూ. నలభై ఏళ్ల కిందట ఏ హక్కు పోయిందని బజ్జీలు తిన్నారో, ముసలితనంలో అదే హక్కు కోసం కోర్టులో గొంతు చించుకోవలసి వచ్చింది. "తిన్న బజ్జీలు ఇంక అరుగుతలెవ్వు వకీలమ్మా" అని నవ్వేవారు. ఆ నవ్వు నాకు బాగుండేది కాదు.

అట్లాంటి రెండెకరాల మనుషుల్లో ఒకామె లచ్చమ్మ. గొర్లు కాసుకునే కుటుంబం, భర్త లేడు, ఒక కొడుకు. జిల్లా పడమటి దిక్కున గుట్టల మధ్య కట్టే రిజర్వాయరులో వాళ్ల చెల్క మునుగుతోంది. రాళ్లు ఏరుకుని ఏరుకుని సాగులోకి తెచ్చిన ఎర్రనేల. రికార్డులో పట్టా మాత్రం పాత దొర మనవడి పేరుమీద ఉంది, ఆయన ఉండేది హైదరాబాదులో. లచ్చమ్మ మామ గొర్ల మందలో సగం ఇచ్చి ఆ నేల కొన్నాడు. రిజిస్ట్రేషన్ లేదు, తెల్లకాగితం మీద రాత. సాదా బైనామా అంటాం. ఆ కాగితం వానకు తడిసి సగం పోయింది. పాత పహాణీల్లో పట్టాదారు గడి పక్కన సాగులో ఎవరున్నారో రాసే గడి ఇంకొకటి ఉండేది, అందులో లచ్చమ్మ మామ పేరు, తర్వాత భర్త పేరు ఉన్నాయి. కొత్త రికార్డు వచ్చినప్పుడు ఆ రెండో గడిని తీసేశారు. పరిహారం ఎవరికివ్వాలన్న తగువులో, భూమి ఎవరిదో తేల్చమని ఫైలు కోర్టుకు వచ్చింది.

ఆమె మొదటిసారి గదికి వచ్చినప్పుడు గొంగడి భుజాన వేసుకుని గుమ్మం దగ్గరే కూర్చుంది. సార్ కుర్చీతో ఆమె వైపు తిరిగారు. ఆమె ఎక్కువ మాట్లాడలేదు.

"మునుగుతది అంటున్రు. మునగనీ సారూ. నీళ్లొస్తే పది ఊర్లు బాగుపడతయంట గదా. మునిగింది నాదని రాయుండ్రి. గంతే. మునిగిన జాగ దొర మనుమనిది అంటే, మరి నేనిన్నేండ్లు యాడున్నట్టు?"

ఆ రిజర్వాయరు నీళ్లు వచ్చేది సార్ ఊరి దిక్కుకే. నది నీళ్లు వస్తే బోరు నీళ్ల బాధ పోతుంది, పుట్టే పిల్లలకైనా మెడలు తిరుగుతాయి. ఆయన చిన్నప్పటినుంచి ఆ నీళ్ల కోసం ధర్నాలు చేసిన మనిషి. ఆమె పోయాక నాతో, "నాకు కావాల్సిన నీళ్లు ఆమె చెల్క మీదికెల్లి వస్తున్నయి" అన్నారు. భూసేకరణ నోటీసు నా ముందు పెట్టి, "ప్రజాప్రయోజనం అని ఉన్న కాడ ప్రజ తీసేసి మనిషి పేరు పెట్టి చదువు" అన్నారు. మీ పేరు పెడతాను సార్ అన్నాను, కొంచెం దురుసుగానే. "పెట్టు. నేను ప్రజనే. మరి ఆమె ఎవరు?" అన్నారు. ఆ కేసుకు ఆయన ఫీజు మాట ఎత్తలేదు, ఆ కేసు పడినంత బరువుగా ఇంకో కేసు ఆయన మీద పడటం నేను చూడలేదు.

సార్‌కు కోర్టులో ఒక పేరుండేది. చదివి వినిపించు సారు. మా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్తాడు, జడ్జి దాన్ని ఇంగ్లీషు చేసి టైపిస్టుకు చెప్తాడు, కాగితం కింద చదివి వినిపించగా సరియని ఒప్పుకున్నాడు అని ఒక వాక్యం ముందే సిద్ధంగా ఉంటుంది. చదివేదీ లేదు, వినిపించేదీ లేదు. సాక్షి వేలిముద్ర వేసి దిగిపోతాడు. సార్ ఉన్న కేసులో మాత్రం సాక్షి బోనులోంచి దిగే ముందు ఆయన లేచి నిలబడేవారు. "జర తెలుగుల చదివి వినిపియ్యమని మనవి" అనేవారు. టైము లేదండీ అంటే, "నేను నిలవడే ఉంట సార్" అనేవారు. ఆ నడుముతో ఆయన నిలబడి ఉండటం చూసేవాళ్లకే నొప్పిగా ఉండేది, చివరికి జడ్జీ చదివించేవాడు. ఒకసారి ఒక సాక్షి పొద్దుమూకినంక చూసిన అన్నాడు, అంటే సూర్యుడు దిగాక. కాగితంలో పొద్దున అని పడింది. చదివించకపోతే ఒక నిర్దోషి జైలుకు పోయేవాడు. మిగతా వకీళ్లు ఈ అలవాటు చూసి నవ్వేవారు. మొదట్లో నేనూ నవ్వాను.

లచ్చమ్మ సాక్ష్యం రోజున సార్ దవాఖానలో ఉన్నారు. కిడ్నీలు. వాయిదా అడిగితే జడ్జి ఇవ్వలేదు, ఇప్పటికే ఎక్కువ ఇచ్చామన్నారు. సార్ ఫోనులో చెప్పారు, "సాగుల ఉన్నట్టు పహాణీ చెప్తది. ఎట్లొచ్చిందో ఆమె నోటితోని చెప్పాలె, కొన్నమని. అంతే కేసు. దిగేముంగట చదివిపియ్యి."

లచ్చమ్మ బాగా చెప్పింది. గొర్లు ఇచ్చింది చెప్పింది, కాగితం రాసింది చెప్పింది. తర్వాత దొర మనవడి వకీలు లేచాడు. ఆయన గట్టి వకీలు, గొంతు ఎప్పుడూ పెంచడు.

"అమ్మా, ఆ భూమి కబ్జా చేసింది మీ మామేనా?"

"ఔ సారు," అంది లచ్చమ్మ, మెడ ఎత్తి. "మా మామనే. ఆయన తర్వాత నా పెనిమిటి. ఆయన తర్వాత నేను. కబ్జా మేమెన్నడు ఇడువలే."

జడ్జి కొత్తగా వేరే ప్రాంతం నుంచి వచ్చినాయన. టైపిస్టు వైపు తిరిగి, మా మామ ఆ భూమిని ఎన్‌క్రోచ్ చేశాడు, ఆక్రమించుకున్నాడు, అన్నది నిజమే అని ఇంగ్లీషులో చెప్పారు. నేను విన్నాను. ఇక్కడే ఆగి నిజం చెప్పాలి. ఆ నిమిషంలో నాకూ అది అట్లనే వినిపించింది. చెరువు కబ్జా, శ్మశానం కబ్జా, గుడి భూమి కబ్జా అని రోజూ పేపర్లలో చదివే తరం నాది. కబ్జా అంటే దొంగతనమే మాకు. అయ్యో అవ్వా, ఇట్ల చెప్పేస్తివేంది అని లోలోపల ఆమెనే తిట్టుకున్నాను. పొద్దునే జడ్జి నన్ను ఏదో కాగితం గురించి అందరి ముందూ కసిరారు, మళ్లీ లేచి చదివించమని అడగటానికి నా కాళ్లు రాలేదు. చదివి వినిపించారా అని బెంచి గుమాస్తా నా వైపు చూశాడు. తల ఊపాను. లచ్చమ్మ వేలిముద్ర వేసింది.

మెట్లు దిగుతూ, "మంచిగ చెప్పిన్నా బిడ్డా?" అని అడిగింది.

"మంచిగ చెప్పినవవ్వా" అన్నాను.

సాయంత్రం దవాఖానకు పోతే సార్ మంచం మీద పడుకుని ఉన్నారు, మెడ తిప్పలేరు గనుక పైకప్పు చూస్తూనే అడిగారు, చదివి వినిపించిన్రా అని. వినిపించిన్రు సార్ అన్నాను. అది సార్‌తో నా మొదటి అబద్ధం.

రెండు నెలలు గడిచాయి. ఇంకేదో కేసులో నిజాం కాలంలో ఉర్దూలో రాసిన భూమి రికార్డు, సేత్వారు నకలు వచ్చింది. సార్ ఒక్కొక్క మాట నాకు విడమరిచి చెబుతున్నారు. కబ్జా అని ఉన్న దగ్గర వేలు పెట్టి, "స్వాధీనం. పట్టా ఒకనిది, కబ్జా ఒకనిది. మా అవ్వ తరమోల్లు మాకు కబ్జా ఉన్నది అంటే భూమి మా చేతుల ఉన్నది అని గర్వంగ చెప్పుకునేటోల్లు. ఈ పేపరోల్లు వచ్చి ఆ మాటను దొంగను చేసిన్రు" అన్నారు, మామూలుగానే. లచ్చమ్మ మెడ ఎత్తి ఎందుకు చెప్పిందో అప్పుడు అర్థమైంది. సార్, ఒక తప్పు జరిగింది అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికి ఇంకా సమయం ఉంది, సాక్షిని మళ్లీ పిలిపించమని అడగవచ్చు. అడగాలంటే ఆ రోజు చదివి వినిపించలేదని నేను ప్రమాణ పత్రం వెయ్యాలి. కొత్త వకీలును, పేరు పోతుంది, సార్ ఏమంటారో అనుకున్నాను. నీళ్లు తాగి వస్తానని లేచి బయటికి పోయాను. ఇంత పిరికిదాన్నని నాకు అంతవరకు తెలియదు.

తీర్పు లచ్చమ్మకు వ్యతిరేకంగా వచ్చింది. అందులో ముఖ్యమైన పేరా ఒక్కటే. కొన్నామని చెప్పుకుంటున్న ఈమే, తన మామ భూమిని ఆక్రమించుకున్నాడని తన నోటితో ఒప్పుకుంది, ఒప్పుకున్నదానికి వేరే రుజువు అక్కర్లేదు. సార్ ఆ పేరా రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. బండల మీద కుర్చీ కాళ్లు గీరుకుంటూ నా వైపు తిరిగారు.

"నువ్వు విన్నవా ఆ మాట?"

"లేదు సార్. ఫ్యాను చప్పుడుల వినవడలే."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. మామూలుగా మనుషులు నమ్మకపోతే పక్కకు చూస్తారు, ఆయనకు ఆ వీలు లేదు. నేనే తల దించుకున్నాను.

"సరే" అని కుర్చీ అటు తిప్పుకున్నారు. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

మర్నాడు బార్ రూములో అందరి ముందూ, "నా నిర్లక్ష్యంతోని ముసలామె కేసు పోయింది, సాక్ష్యం రాసిన డిపోజిషన్ కాపీ నేను చూసుకోలే" అని చెప్పారట. పైకోర్టుకు అప్పీలు పోయినప్పుడు కూడా తప్పు తనదని తన పేరుతోనే ప్రమాణ పత్రం వేశారు. కోర్టు రాసుకున్న రికార్డును వకీలు కాదంటే కుదరదని అక్కడి జడ్జీలు ఒక్క మాటతో కొట్టేశారు. హైదరాబాదు నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన నా పక్క సీటులో ఎదురుగా చూస్తూ కూర్చున్నారు. చౌటుప్పల్ దాటాక నోరు విప్పారు.

"నలభై ఏండ్ల సంది చట్టం ఉన్నోని దిక్కు ఉంటదని చెప్పుకుంట వచ్చిన. అబద్ధం గాదది. గని చట్టం మీద కోపం ఉన్నది సూడు, అది శాన సుఖమైన కోపం వకీలమ్మా. మన మీదికి రాదు."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. కిటికీ దిక్కు తిరిగి కళ్లు తుడుచుకున్నాను, ఆయన మెడ తిరగదు గనుక చూడలేదనుకున్నాను. ఆ తర్వాత ఏడాదిన్నరకు సార్ పోయారు. చివరిదాకా నాకు కేసులు ఇస్తూనే ఉన్నారు, నేను కోర్టుకు పోయే ప్రతిసారీ దిగేముంగట చదివిపియ్యి అని చెప్తూనే ఉన్నారు. ఒక్క రోజు ఎత్తిపొడిచినా నాకు కొంచెం తేలిక అయ్యేది.

సంతాప సభ అయిన వారానికి నేను చౌటుప్పల్ పోయాను. లచ్చమ్మ ఊరు నీళ్లలో పోయింది. పట్టా లేని మనిషి కాబట్టి పునరావాసం కాలనీలో ఆమెకు జాగా రాలేదు. కొడుకు అక్కడి మందుల కంపెనీలో కూలికి చేరాడు, గొర్లను ఊళ్లోనే అమ్మేశారు. హైవే వెనక వరసగా కట్టిన కిరాయి గదుల్లో ఒకటి వాళ్లది. కంపెనీ వాసన గదిలో కూడా ఉంది. లచ్చమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కళ్లకు పొర వచ్చింది, గొంతు పట్టి నన్ను గుర్తుపట్టింది.

"సారు పోయిండవ్వా" అన్నాను.

"ఎరుకే. మావోడు చెప్పిండు. నేను రాలే. ఎందుకొస్త? తీర్పు అయిన వారంకే మా ఊరికొచ్చిండు. ఇంక నీళ్లు రాలే అప్పుడు. నా చెల్కలనే నిలవడి, తప్పు నాదే అవ్వా, కాయితం నేను చూస్కోలే అన్నడు. వంగి ఇంత మన్ను తీస్కోని ఆయన నెత్తిన వోసిన. నీ కడుపు మాడ, నీ ఇల్లు గూల అన్న. దులుపుకోలే. గా మన్నుతోనే బస్సెక్కిండు."

నాకు ఈ సంగతి తెలియదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను అక్కడే సిమెంటు నేల మీద కూర్చున్నాను. ఆ రోజు కోర్టులో జరిగింది మొదటినుంచి చెప్పాను. ఆ మాట నేను విన్నానని, దాని అర్థం తర్వాత తెలిసినా చెప్పలేదని, సార్ అడిగితే అబద్ధమాడానని, ఏదీ దాచలేదు. లచ్చమ్మ కదలకుండా విన్నది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఆయనకెరుకేనా, నువ్వు జేసినవని?"

"ఎరుకే అనుకుంట అవ్వా."

"మరి నాకెందుకు చెప్తున్నవు? నీకు నిద్ర వట్టనీకా?"

"అందుకు గూడ అవ్వా" అన్నాను.

"పొద్దున లేస్తే ఆయన పేరు దీసి తిట్టిన బిడ్డా," అంది. "బువ్వ తినేముంగట తిట్టిన. కడుపుల పిల్ల సచ్చిన గొర్రె అరిసినట్టు అరిసిన. ఇప్పుడవన్నీ యాడ పెట్టాలె?"

చేత్తో చుట్టూ నేలను తడిమింది. సిమెంటు. గుమ్మం దాకా సిమెంటే, గుమ్మం అవతల తారు రోడ్డు.

"నీ నెత్తిన వోద్దమంటే," అంది, "నా కాడ గింత మన్ను గూడ లేకపాయె."